మూడు కిలోల తాడు

తాడును తూకం వేయించి కొన్న రోజే మాకు బుద్ధి వచ్చి ఉండాల్సింది.

బేగంబజారులో నైలాను తాడు కిలోల లెక్కన అమ్ముతారు. అందులో దుకాణదారు తప్పేమీ లేదు. అక్కడికి వచ్చే రైతులకూ లారీల వాళ్లకూ ఏ లావు తాడు కిలోకి ఎన్ని బారలు వస్తుందో పుట్టుకతోనే తెలుసు. మాకు తెలియదు. మా నాయకుడు ఆ కొట్లో ఉన్నవాటిలోకెల్లా లావుపాటి తాడును వేలితో చూపించి, మూడు కిలోలు కట్టమన్నాడు. అది నా మణికట్టంత లావు ఉంది. నా మణికట్టు మామూలు మనుషుల మోకాలంత ఉంటుంది. దీనికి ఏనుగును వేలాడదీసినా తెగదని నాయకుడు ప్రకటిస్తే మేం గర్వపడ్డాం. ఏనుగు సంగతి సరే, అది ఎంత లోతు దాకా వేలాడుతుందని మాత్రం ఎవరం అడగలేదు.

శంషాబాదులో కొత్త విమానాశ్రయం తెరిచి అప్పటికి రెండేళ్లు దాటింది. విమానాల్లో వెళ్లే సరుకుకు కాగితాలు రాసిపెట్టే ఆఫీసు మాది. కోస్తా నుంచి వచ్చి నగరంలో స్థిరపడినవాళ్లమే అందరం. పొద్దున కుర్చీలో కూర్చుంటే సాయంత్రం లేచేటప్పుడు కుర్చీ కూడా మాతో లేచేది. నాకప్పుడు నలభై ఆరేళ్లు. నాయకుడని చెప్పాను కదా, ఆయన మా లెక్కల విభాగం అధికారి. నెల రోజులు రాత్రిళ్లు ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి కాన్యనీరింగ్ అనే విద్యలో పండితుడైపోయాడు. ఇరుకు లోయలోకి పైనుంచి తాడుతో దిగి, మడుగుల్లో నడిచి, ఇంకా కిందికి దిగి, అటు చివర బయటపడడం ఆ విద్య సారాంశం. మూడోవాడు గోదాము మేనేజరు. వాడు ఎక్కడికి రమ్మన్నా వచ్చేవాడు, అక్కడ భోజనం ఉందని చెబితే చాలు.

నాలుగో మనిషి గురించే ఈ రాతంతా.

ఆయన మా ఆఫీసు తోటమాలి. తొండుపల్లి మనిషి. యాభై ఎనిమిదేళ్లుంటాయి. విమానాలు దిగే చోటుకు గోడ కట్టినప్పుడు ఆయన పొలంలో ఎక్కువ భాగం గోడకు అటువైపు పోయింది, ఒక్క ఎకరం ఇటు మిగిలింది. ఆ ఎకరంలో బంతి వేసేవాడు. పగలు మా ఆఫీసు ముందు గడ్డి కత్తిరించేవాడు. చెప్పులు వేసుకోగా నేను చూడలేదు. ఆ అరికాళ్ల మీద మేకు పడితే మేకు వంకర పోయేదని నా గట్టి నమ్మకం. అప్పటికి రెండేళ్లుగా నేను ఆయన్ని "ఏమయ్యా" అనే పిలిచేవాణ్ని. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, అంతే.

షాద్‌నగర్ వైపు వెళ్లే దారిలో, గుట్టల మధ్య వాగు కోసుకుపోయిన ఒక గండి ఉందని ఆయనే ఎప్పుడో చెప్పాడు. చిన్నప్పుడు ఆయన అక్కడ మేకలు కాసేవాడట. దారి చూపించమని నాయకుడు అడిగాడు. అడిగింది శనివారం పొద్దున్నే. ఆ రోజు వద్దన్నాడు ఆయన.

"దసరా ఎల్లుండే కద సారూ. రేపు తెల్లారేసరికి పూలు మార్కెట్ల ఉండాలె. ఇయ్యాల పొద్దుమీకి తెంపుడు వెట్టుకుంటే రాత్రికి అయితది. ఈ ఒక్క దినం కోసమే ఏడాదంత కావలి కాసిన."

సంగతి పూర్తిగా అర్థమయ్యేలా చెప్పాడు. బంతికి ధర పలికేది ఏడాదిలో ఆ ఒక్క తెల్లవారుజామునే. పండగ దాటిందంటే మేకలు కూడా అడగవు. ఊళ్లోవాళ్లంతా కలిసి మాట్లాడుకున్న ట్రాలీ ఆటో రాత్రి మూడింటికి బయలుదేరి పూల మార్కెట్‌కు పోతుంది. కోసేది ఆయనా, ఆయన భార్యా, ఇద్దరే. కూలీలకు ఆ రోజు ఎవరి చేలో వాళ్లకే పని. ఇదంతా మేం విన్నాం, అర్థం చేసుకున్నాం, తలలు కూడా ఊపాం. ఊపిన తలలతోనే, ఇప్పుడే వచ్చి దారి చూపించేసి మధ్యాహ్నానికి ఇంటికి వెళ్లిపోదువుగాని అన్నాడు నాయకుడు. ఆఫీసులో ఆయన పెద్ద అధికారి. తోటమాలి ఇంకేమంటాడు. సరేనన్నాడు.

మా అలంకారాలు ఒకసారి చూడండి. పాత కార్ల సీటు బెల్టులు ఊడదీయించి, చెప్పులు కుట్టే ఆయన చేత నడుముకూ తొడలకూ బిగించుకునే పట్టీలు కుట్టించాడు నాయకుడు. తలకు స్కూటరు హెల్మెట్లు. నాది మొహం మొత్తం మూసేసే రకం. అందులోంచి ప్రపంచం ఉత్తరాల డబ్బా కంతలోంచి చూసినట్టు కనిపిస్తుంది. బరువు తగ్గించుకోవాలనే సూత్రం ప్రకారం పులిహోర, పెరుగన్నం, గారెలు, నీళ్ల సీసాలతో సహా సమస్తమూ కారులోనే వదిలేశాం. కారును గండి అటు చివర, రోడ్డు పక్కన నిలిపి, అక్కణ్నించి గుట్ట చుట్టూ మూడు కిలోమీటర్లు నడిచి పైకొచ్చాం. ఒంటిగంటకు కారు దగ్గర భోజనం అని గోదాము మేనేజరుకు మాటిచ్చాం. ఆ మాట మీదే వాడు నడిచాడు.

మొదటి దిగుడు మూడు బారల లోతు. మొత్తం పద్దెనిమిది అడుగులు. అప్పుడు నా కంటికి మాత్రం చార్మినార్ పైనుంచి కిందికి చూసినట్టుంది. తాడును ఒక బండ వెనక నుంచి తిప్పి రెండు పేటలుగా కిందికి వదిలారు. దిగాక ఒక కొస లాగితే తాడు మొత్తం మన చేతికి వచ్చేస్తుంది. ఈ విద్యలో అసలు అందం అదేనట. నాయకుడు దిగాడు. గోదాము మేనేజరు దిగాడు. నేను సగం దిగాను.

ఆ మిగతా సగం దగ్గర నా చేతులు నా మాట వినడం మానేశాయి. తాడును కావలించుకుని, కళ్లు మూసుకుని, నాకు తెలిసిన దేవుళ్లందరినీ పిలిచాను. కొందరిని రెండుసార్లు. కింద నుంచి నాయకుడు సూత్రాలు చెబుతున్నాడు, పైన విమానం వెళుతోంది. అది ఎంత కిందుగా వెళ్లిందంటే, కిటికీ పక్కన కూర్చున్న పెద్దమనిషి నన్ను చూసి పాపం అనుకోవడం నాకు స్పష్టంగా కనిపించింది.

ఇంతలో నా పక్కన బండ మాట్లాడింది.

"సారూ, ఎడమ కాలు జర కింద పెట్టుండ్రి. ఆడ మెట్టున్నది."

కళ్లు తెరిస్తే తోటమాలి. ఆయన చేతిలో తాడు లేదు. బండలో నిలువునా ఒక పగులుంది. వేళ్లూ కాలి బొటనవేళ్లూ అందులోకి దూర్చి, పంచె ఎగగట్టి, ఇంట్లో అటకెక్కినంత తేలిగ్గా నా పక్కకు దిగి వచ్చాడు. నా కాలిని తన చేత్తో పట్టుకుని ఒక్కో మెట్టు మీద పెడుతూ, పసిపిల్లాడికి నడక నేర్పినట్టు నన్ను నేల మీదికి చేర్చాడు. ఆనందం పట్టలేక నాయకుడు వెంటనే తాడు కొస లాగేశాడు. తాడు ధబ్బున మా ముందు పడింది.

వచ్చిన పగులులోంచే తోటమాలి పైకి వెళ్లిపోయేవాడే. నేనే ఆపాను. ఇక ఆ మనిషి లేకుండా ఒక్క అడుగు వేసే ధైర్యం నాకు లేదు. ఆ మాట చెప్పుకోలేక ఆయన లాభం చెప్పాను. కారు ఈ గండి అటు చివరే ఉంది కదా, మాతో వస్తే తిన్నగా ఇంటి దగ్గర దింపేస్తాం, గుట్ట చుట్టూ నడిచి బస్సు కోసం నిలబడడం కంటే గంట ముందే చేరతావు అన్నాను. ఆయన ఎండ వంక చూశాడు, ఆలోచించాడు, నిజమే అనుకున్నాడు. నాయకుడి తాడు మీద ఆయనకు నమ్మకం ఉండడమే ఆయన ఆ రోజు చేసిన ఒకే ఒక్క తప్పు. అది కూడా మా పెద్దరికం చూసి చేసిందే.

మోకాల్లోతు మడుగు ఒకటి దాటి రెండో దిగుడు దగ్గరికి వచ్చాం. తోటమాలి అంచున బోర్లా పడుకుని గులకరాయి వదిలి, శబ్దం విన్నాడు. తర్వాత తాడును చేతులు చాపి కొలిచాడు.

"దిగుడు తొమ్మిది బారలుంటది. తాడు ఏడు బారలే. రెండు పేటలు వేస్తే మూడున్నర." మమ్మల్ని ఒకసారి చూసి, మెల్లగా అడిగాడు. "కొలువకుండ తెచ్చిన్రా సారూ?"

మూడు కిలోలు అన్నాడు నాయకుడు.

అప్పుడు రెండయింది. తాను పగులులోంచి ఎక్కి పైనుంచి తాడు వేస్తాననీ, వచ్చిన దారినే వెళ్లిపోదామనీ తోటమాలి అన్నాడు. దానికి నాయకుడు ఒప్పుకోలేదు. ఈ విద్యలో వెనక్కి వెళ్లడమనేది లేదట. సీటు బెల్టులు విప్పి తాడుకు ముడేశాడు. చొక్కాలు ముడేశాడు. గోదాము మేనేజరు ప్యాంటు అడిగాడు. వాడు ఇవ్వలేదు. ముడేసినదాన్ని కిందికి వదిలే ముందు గట్టిగా లాగి చూస్తే, ముందు చొక్కాలు ఊడాయి, తర్వాత బెల్టుల కుట్లు ఊడాయి. అలా మూడు గంటలు పోయాయి. తోటమాలి రెండుసార్లు "సారూ, పొద్దు పోతుంది" అని గుర్తు చేశాడు. మూడోసారి చెప్పలేదు. నెల నెలా జీతం పట్టికలో తన పేరు పక్కన సంతకం పెట్టే మనిషికి ఎన్నిసార్లు చెప్పగలడు. నేను చెప్పొచ్చు. నేనూ చెప్పలేదు.

చివరికి వెనక్కి తిరిగేటప్పుడు మడుగులో గోదాము మేనేజరు కాలు మెలిపడింది. వాణ్ని మోసుకుంటూ మొదటి బండ కిందికి చేరేసరికి పైన ఆకాశంలో ఇంకా వెలుగుంది గాని, గండిలో చీకటి పడిపోయింది.

"ఇగ ఇప్పుడు మిమ్ములను ఎక్కియ్య సారూ" అన్నాడు తోటమాలి. "బండ తడిసింది. చీకట్ల ఎవలన్న జారితే నా పాణం పోయినట్టే. తెల్లారనియ్యుండ్రి."

అలా అని ఆయన పగులు వైపు చూశాడు. ఆయన చూపు ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. ఆయన ఒక్కడికీ ఆ బండ పది నిమిషాల పని. పైకెక్కి నడిచి రోడ్డు మీద పడితే తొమ్మిదిలోగా చేలో ఉంటాడు. పూలు కోసి మూడింటి ఆటో అందుకోవచ్చు. తెల్లారాక మనుషుల్ని పంపించొచ్చు. అందులో అన్యాయం ఏమీ లేదు. మడుగులో నీళ్లున్నాయి, ప్రాణాపాయం లేదు. ఉన్నదల్లా భయం. అప్పుడు నేను చేసిన పని మాత్రం ఏమీ పెంచకుండా ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆయన భుజం మీది తువ్వాలు కొసను పట్టుకున్నాను.

"వెళ్లిపోకండి" అన్నాను.

'అండి' అని నేనే అన్నానా అని నాకే ఆశ్చర్యం వేసింది.

ఆయన తువ్వాలు లాక్కోలేదు. భుజం మీంచి తీసి నా చేతిలోనే వదిలేశాడు. "ఫోన్ జేసి వస్త" అని పగులులోకి ఎక్కాడు. ఆ లోయలో ఫోన్లు పలకడం లేదు. మా ఇంటి నంబరు ఆయనకు చెప్పాను. ఊళ్లో ఎవరికీ తెలియనివ్వొద్దని నాయకుడు కింద నుంచి బతిమాలాడు. సరుకు గోదాముల్లో ఈ కథ తెలిస్తే ఆయన పరువు విమానాల్లో దేశాంతరాలు పోతుందని ఆయన బాధ.

తోటమాలి పైకి వెళ్లాక చాలాసేపు ఏ అలికిడీ లేదు. మేం ముగ్గురం ఒకరి వీపుకు ఒకరం ఆనుకుని కూర్చున్నాం. నా వీపు విశాలమైంది గనక ఇద్దరికీ సరిపోయింది. ఆయన ఇక రాడన్నాడు నాయకుడు. ఆయన చోట నేనుంటే వస్తానా అని ఆలోచించాను. జవాబు వెంటనే తెలిసిపోయింది. అందుకే బయటికి చెప్పలేదు. తువ్వాలు ఒక్కటే నాకు మిగిలిన ఆశ. మంచి తువ్వాలు, దాన్ని వదులుకోడనుకున్నాను.

ఇంతలో పైనుంచి ఏదో దొర్లుతూ వచ్చి మా ముందు పడింది. మరొకటి. ఇంకొకటి. కొండచిరియలని నేనూ, చిరుతపులి అని గోదాము మేనేజరూ అరిచాం. తడిమి చూస్తే ఎండుకట్టెల మోపులు. వాటి వెనకే, వెలుగు లేని ఆ బండ మీంచి, ఆ పగులులోంచి ఆయన దిగుతున్న చప్పుడు వినిపించింది.

స్వేచ్ఛ దొరికిన మనిషి మళ్లీ కిందికి దిగి రావడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. అదీ ఒక ఎకరం బంతిపూలను పైన వదిలేసి.

"ఇంట్లో ఏమన్నారు?" అని నెమ్మదిగా అడిగాను.

"ఏమంటది. సార్లు ఏమన్న పాలు తాగే పోరగాండ్లా అన్నది." అగ్గిపుల్ల గీసి, ఆ వెలుగులో మా ముగ్గురి మొహాలూ చూశాడు. "అవునన్న."

మా ఆవిడకు కూడా చేశాడట. మీ సారు బండ కింద సల్లగున్నడు, రేపు వస్తడు, పరేషాన్ గాకమ్మా అని చెప్పాడట. ఆమె కంగారు పడిందా అని అడిగాను. లేదట. మీరు తిన్నారా అని ఆయన్ని అడిగిందట.

ఇక ఆ రాత్రి ఆయన నడిపిన సంసారాన్ని చూడాల్సిందే. వాగు ఇసుకలో చేతులతో లోతుగా గుంట తవ్వాడు. చెలిమ అంటారు వాళ్లు. కాసేపటికి అందులో అద్దంలాంటి నీరు ఊరింది. మడుగు నీళ్లు ముట్టుకోనివ్వలేదు. మంట వేసి, నడుముకు కట్టుకున్న మూటలోంచి రెండు జొన్నరొట్టెలూ ఒక ఉల్లిగడ్డా తీశాడు. పొద్దున ఆయన కోసం భార్య కట్టిచ్చినవి. రెండు రొట్టెల్ని నాలుగు భాగాలు చేస్తే నా వంతుకు అరచేతి వెడల్పు వచ్చింది. ఆ తర్వాత ఎన్నో పెళ్లిళ్లలో ముప్పై రకాలతో వడ్డించిన విస్తళ్ల ముందు కూర్చున్నాను. ఆ అరచేయంత ముక్క పక్కన అవన్నీ దిగదుడుపే. గోదాము మేనేజరైతే నమిలేటప్పుడు కళ్లు మూసుకున్నాడు. కారులోని గారెలు గుర్తొచ్చి కాసిని కన్నీళ్లు పెట్టుకుని, వాటినే ఉప్పుగా నంజుకున్నాడు.

చలి మొదలయ్యాక మా పళ్లు టైపు మిషన్లలా కొట్టుకున్నాయి. ఆయన నిప్పుల్ని ఇసుక మీద మనిషి పొడవున పరిచాడు. బాగా కాలాక వాటిని కొమ్మతో పక్కకు ఊడ్చి, పైన చేతి మందాన పొడి ఇసుక కప్పాడు.

"పండుకోండ్రి ఇగ. మా నాయిన సలికాలం చేను కాడ గిట్లనే పండేటోడు. తెల్లారేదాంక కిందికెల్లి ఎచ్చగుంటది."

పడుకున్నాను. ఆ వెచ్చదనం ఎముకల్లోకి ఎక్కి, నా ఒంట్లోని ఒక్కొక్క భయాన్నీ వెతికి పట్టుకుని బయటికి పంపించేసింది. పెద్ద హోటళ్లలో మూరెడు మందం పరుపుల మీద పడుకున్నాను, అంత నిద్ర ఎక్కడా పట్టలేదు. కానీ నడిమధ్యలో ఒకసారి మెలకువ వచ్చింది. ఆయన పడుకోలేదు. మంట పక్కన కూర్చుని, మా తాడును ఒళ్లో వేసుకుని, మూరెడుకో ముడి వేస్తున్నాడు. గట్టిగా బిగించి, తన బరువంతా వేసి లాగి చూసి, ఇంకో ముడి. పొద్దున మా కాళ్లకు మెట్లుగా ఉండడానికి.

గంట ఎంతయిందని అడిగాను. ఆయన గడియారం చూడలేదు. పైన సన్నటి ఆకాశపు చీలికలోంచి ఒక విమానం దీపాలు ఆర్పుతూ వెలిగించుకుంటూ దిగుతోంది. తొండుపల్లి వైపే.

"ఆటో పోయి ఉంటది" అన్నాడు.

మాటలు పెంచడం నాకు అలవాటు, అప్పుడు మాత్రం పెంచలేదు. నా వల్లే కదండీ అన్నాను. ఆయన ముడి బిగించాడు.

"పూలు మళ్ల పూస్తయి సారూ. కాలు ఇరిగితే కాలు మళ్ల పుయ్యది. పండుకోండ్రి."

తెలతెలవారుతుండగా తాడు భుజాన వేసుకుని ఆయన పైకెక్కాడు. ముడులేసిన తాడు కిందికి వచ్చింది. కాలు మెలిపడినవాణ్ని ముందు లాగాడు, తర్వాత నాయకుణ్ని, చివరికి నన్ను. ముడి ముడికీ కాలు పెట్టి ఎక్కాను. పైకి చేరాక వెనక్కి చూస్తే పద్దెనిమిది అడుగులే. ఆయన చేతులు చూస్తే మాత్రం తాడు కోసిన గీతలు ఎర్రగా ఉన్నాయి. నా ఒక్కడి బరువుకే ఎన్ని గీతలు పడ్డాయో లెక్కపెట్టడానికి మనసొప్పలేదు.

కుంటివాణ్ని మోస్తూ గుట్ట చుట్టూ నడిచి కారు చేరి, తొండుపల్లి చేను ముందు దిగేసరికి ఎనిమిది దాటింది. పులిహోర పాడైపోయింది. ఆ సంగతి తెలిసి కూడా గోదాము మేనేజరు దాన్ని తినేశాడు.

చేను గట్టున ఎనిమిది గంపల బంతిపూలున్నాయి. వాటి పక్కన కూర్చుని ఉంది ఆయన భార్య. రాత్రంతా సెల్లు ఫోను వెలుగులో ఒక్కతే కోసిందట. ఇంకా సగం చేను అలాగే ఉంది. మూడింటికి ఆటోవాడు వచ్చి నిలబడితే, గంపలెత్తి పెట్టడానికీ మార్కెట్‌లో నిలబడి అమ్మడానికీ మనిషి లేక పంపించేసిందట. ఆమె మమ్మల్ని పైనుంచి కిందిదాకా చూసింది. నా తల మీద ఇంకా హెల్మెట్ ఉంది. తీయడం మర్చిపోయాను.

"గీళ్లేనా నువ్వు కావలి గాసిన సార్లు?" అని భర్తను అడిగింది. "పిట్టలను కొట్టెతందుకు చేన్ల నిలవెడితే మంచిగుంటరు."

ఆయన నవ్వాడు. నాయకుడు మాత్రం నవ్వలేదు. తలొంచుకుని ఆమె ముందు నిలబడి, తప్పు నాదేనమ్మా అన్నాడు. ఆఫీసులో ఎన్ని తప్పులు దొరికినా ఆ మాట ఆయన నోట నేను వినలేదు. పూలన్నీ మేం ముగ్గురం కొనుక్కుంటామన్నాడు. ఆమె ఒప్పుకోలేదు.

"కొని ఏం జేస్తరు, పారవోస్తరు. పండుగ పూలు పారవోయొద్దు." కాసేపు ఆలోచించి, గోడ అవతల దిగుతున్న విమానం వంక చూసింది. "గీ రోడ్డు మీద టాక్సీలెన్ని పోతయి?"

వందలు, అన్నాను. వేలు అందామనుకుని, ఆమె ముందు పెంచడానికి భయమేసి తగ్గించాను.

"ఆ బండ్లన్నిటికి రేపు దసరాకు దండ గావాలె కద. కూసోండ్రి. దబ్బనాలున్నయి, సుతిలి ఉన్నది. గుచ్చుండ్రి."

అలా మా ఆఫీసులో ఇద్దరు అధికారులూ, ఒక సీనియర్ గుమాస్తా, అంటే నేను, విమానాశ్రయం మలుపు దగ్గర చెట్టు నీడలో గోనెసంచి మీద కూర్చుని బంతిదండలు గుచ్చాం. దబ్బనం నా వేళ్లలోకి పూలలోకంటే ఎక్కువసార్లు దిగింది. మొదటి దండ చూసి ఆమె, ఇది లారీ ముందర కట్టేదా, లారీని కట్టేసేదా అని అడిగింది. పదో దండకు ఏమీ అనలేదు. అదే మెప్పుగా తీసుకున్నాను. తోటమాలి ఒక్కడూ చేలోకి వెళ్లి మిగతా సగం కోసుకొచ్చి మా ఒళ్లో పోస్తూనే ఉన్నాడు. రాత్రంతా నిద్ర లేదు ఆయనకు.

ఇక మా నాయకుడి గొప్పతనం అక్కడ బయటపడింది. తాడు కొనడం చేతకాని ఆ మనిషి, దండ అమ్మడంలో మహానుభావుడు. టాక్సీ ఆగకముందే దాని నంబరు చదివి, ఈ అంకె కలిసిన బండికి బంతి తప్ప మరోటి పడదని చెప్పేవాడు. వచ్చిన డ్రైవరు ఇంకో ఇద్దరికి ఫోను చేసి రమ్మనేవాడు. మధ్యాహ్నానికి మలుపులో టాక్సీల వరస కిలోమీటర్ల అవతలి మామిడిపల్లి దాకా ఉందని నేను ఇప్పటికీ చెబుతుంటాను. మా ఆవిడ పది బండ్లంటుంది. ఆమె అక్కడ లేదు.

మా ముగ్గురికీ పైఅధికారి కారు కూడా ఆగింది. నేను చటుక్కున హెల్మెట్ పెట్టేసుకున్నాను. ఆయన రెండు దండలు తీసుకుని, హెల్మెట్ పెట్టుకుని పూలు అమ్మే మనిషిని మొదటిసారి చూస్తున్నానని డ్రైవరుతో అంటూ వెళ్లాడు. నాయకుడు అప్పటికి గంప చాటున ఉన్నాడు. గోదాము మేనేజరుకు దాక్కునే తీరిక లేదు. ఆమె ఇచ్చిన సద్దిబువ్వ తింటున్నాడు.

సాయంత్రానికి గంపల అడుగున రెక్కలు మాత్రమే మిగిలాయి. ఎంత వచ్చిందో మేం అడగలేదు. ఆమె కొంగులో మూట కట్టుకుని, నడుముకు దోపుకుని, దాని మీద ఒక్కసారి చెయ్యి వేసి చూసుకుంది. మార్కెట్ల గూడ గింతే వస్తుండె అని భర్తతో అంది. ఆ ముక్క మా చెవిన పడాలనే కొంచెం గట్టిగా అందని నాకనిపించింది. గండిలోంచి నేను నిజంగా పైకి వచ్చింది ఆ క్షణంలోనే.

వెళ్లొస్తామంటే, ఇంట్లోకి వచ్చి పొమ్మన్నాడు ఆయన. పనిముట్లకు ఆ సందెకే పూజ. గోడ వారన కడిగి, పసుపూ కుంకుమా పెట్టి వరసగా పేర్చాడు. కొడవలి, పార, గడ్డపార, మందు కొట్టే డబ్బా, మా ఆఫీసు గడ్డి కత్తెర. ఆ వరస చివర, చుట్టలు చుట్టి, ప్రతి ముడి మీదా చిన్న కుంకుమ బొట్టుతో, మా మూడు కిలోల తాడు.

అది పనిముట్టు ఎలా అవుతుందండీ అన్నాను.

"ముగ్గురు సార్లను ఎక్కిచ్చింది గద" అన్నాడు ఆయన. మిగిలిన ఒక్క దండనూ దాని మీద వేశాడు. ఆ దండను నేను గుర్తుపట్టాను. వంకరగా, ఒక చోట పువ్వు తలకిందులుగా గుచ్చి ఉంది. నేను మొట్టమొదట గుచ్చినదే. ఆమె దాన్ని అమ్మకుండా పక్కన పెట్టిందట.

"మంచిది అమ్ముకోవాలె, గిది దేవునికే" అంది. "దేవుడు ఏం అనుకోడు."

దణ్ణం పెట్టుకున్నాం. నేను ఎవరికి పెట్టానో నాకు తెలుసు.